ఐదు వందల పదహార్లు

నా ముందు ఇంకా పదకొండు కార్లున్నాయి. కారుకి ఐదు నిమిషాలు చొప్పున వేసుకున్నా గంట. గంట తరవాత రెండున్నర గంటల ప్రయాణం, ఆ చివర ఆక్లాండ్, ఆసుపత్రి, ఏడో అంతస్తు, కిటికీ పక్క మంచం మీద మావారు. పొద్దున ఏడింటికి డాక్టరమ్మ ఫోన్ చేసి, ఈ రోజు రాగలరా అని అడిగి, ఓ క్షణం ఆగి, ఇప్పుడే బయల్దేరగలిగితే మంచిది అంది. ఆ ఆగడం ఉందే, అది నాకు కొత్త కాదు. పన్నెండేళ్ళుగా ఈ డార్గవిల్ ఊళ్ళో రెస్ట్‌హోమ్‌లో ముసలివాళ్ళకి స్నానాలు చేయించి, అన్నాలు తినిపించి బతుకుతున్నదాన్ని. వాళ్ళ పిల్లలకి నర్సులు ఇలాంటి ఫోన్లు చేస్తుంటే పక్కన నిలబడి విన్నదాన్ని. అలా ఆగారంటే రోజుల లెక్క పోయి గంటల లెక్కలోకి వచ్చిందన్నమాట. కారులో పెట్రోలు ముల్లు అడుక్కి ఆనుకుని, ఎర్ర దీపం వెలుగుతోంది. ఆదివారం గాలివానకి ఎక్కడో పెద్ద టవర్లు కూలి నార్త్‌ల్యాండ్ మొత్తానికి కరెంటు పోయింది. ఇవాళ మంగళవారం. ఊళ్ళో ఈ ఒక్క బంకే జనరేటర్ పెట్టుకుని నడుస్తోంది. పంపు తిరుగుతుంది, కార్డు మిషను పనిచెయ్యదు. అట్టముక్క మీద నల్ల మార్కరుతో రాసి గేటుకి వేలాడదీశారు, క్యాష్ మాత్రమే, కారుకి నలభై డాలర్లు మాత్రమే అని. నీ దగ్గర క్యాష్ ఉందా శేషారత్నం అంటే, ఉంది, లేకేం. ఒళ్ళోనే ఉంది. పసుపు గుడ్డలో మూడు ముళ్ళ కింద ఐదు వందల పదహారు డాలర్లు. ఏం లాభం, అది నాది కాదే. ఏడుకొండలవాడిది. మావారికి నయమైతే ఇద్దరం కొండకి నడిచొచ్చి నీ హుండీలో వేస్తామని మార్చి నెలలో నేను కట్టిన ముడుపు. మనిషి బతకాలని కట్టిన ముడి విప్పి, ఆ డబ్బుతో పెట్రోలు పోయించుకుని, ఆ మనిషి పోతుంటే చూడ్డానికి వెళ్ళాలి. ఛీ ఛీ, పాడు నోరు, ఏం మాట వచ్చింది. రాలేదు, ఇంకా పైకి రాలేదు, మనసులోనే అనుకున్నాను, మనసులో అనుకున్నవి స్వామి పట్టించుకోడు.

ఈ డబ్బు అసలు దేవుడి కోసం తెచ్చింది కాదు. మూడేళ్ళ కిందట పెద్ద తుఫాను వచ్చినప్పుడు కూడా ఇంతే, నాలుగు రోజులు కరెంటు లేదు, కార్డులు పనిచెయ్యలేదు. మావారు కౌన్సిల్ ఆఫీసులో కంప్యూటర్లు చూసే మనిషి, ఊరందరి నెట్‌వర్కులు నిలబెట్టే మనిషి, డెయిరీలో, అంటే ఇక్కడ వీధి చివర చిల్లర కొట్టు, పాలసీసా పట్టుకుని నిలబడి జేబులన్నీ తడుముకుని, రెండు డాలర్లు తక్కువై సీసా అక్కడే పెట్టేసి వచ్చారు. ఆ కొట్టువాడు ఫరవాలేదు తీసుకెళ్ళమన్నాడట, ఈయనకి నామోషీ. మూడో రోజు మొదలుపెట్టారు, ఇంట్లో క్యాష్ ఎంత ఉండాలి రత్నం అని. వారం రోజులు మా ఇంట్లో అన్నం దగ్గర అదే మాట. ఎక్సెల్ షీటు వేశారు మహానుభావుడు. రెండు ట్యాంకుల పెట్రోలుకి రెండు వందలు, ఒక రాత్రి మోటెల్‌కి నూట యాభై, మూడు రోజుల తిండికి నూట యాభై, మొత్తం ఐదు వందలు. వెయ్యి పెట్టుకుందామండీ అన్నాను నేను. ఎక్కువ పెడితే దొంగల భయం, తక్కువ పెడితే పనికిరాదు, ఐదు వందలే కరెక్టు అన్నారు. అదీ చిన్న నోట్లే ఉండాలట, కరెంటు లేనప్పుడు యాభై నోటుకి చిల్లర ఎవడిస్తాడు అని. బ్రిస్బేన్ నుంచి వీడియోలో మా అమ్మాయి నవీన ఒకటే నవ్వు, "నాన్నా, హూ యూజెస్ క్యాష్ ఎనీమోర్, నువ్వు మరీ ఓల్డ్ అయిపోయావు" అని. వారానికి మూడు రోజులే తెరిచే బ్యాంకుకి ఆయన సెలవు పెట్టి వెళ్ళి ఐదులు, పదులు, ఇరవైలు తెచ్చారు. ఐదు వందలని సున్నాతో ఉంచడం నాకు నచ్చలేదు. సున్నాతో ఆపితే ఇల్లు అక్కడే ఆగిపోతుంది, శుభమా అని పదహారు కలపండి అని పోట్లాడి, ఒక పది, ఒక ఐదు, ఒక డాలర్ బిళ్ళ నా పర్సులోంచి తీసి కలిపాను. బిస్కట్ డబ్బాలో పెట్టి, వేడినీళ్ళ సిలిండర్ ఉండే అలమరలో, టార్చి లైటు, బ్యాటరీలు, నీళ్ళ క్యాన్ల పక్కన ఆయనే సర్దారు. డబ్బా మీద ఎమర్జెన్సీ అని లేబుల్ కూడా అంటించారు, దొంగ వెతుక్కోకుండా. ఆ మాట అంటే ఉడుక్కున్నారు.

ముందు కారు కదిలింది. నేను ఇంజను ఆపేసి కూర్చున్నాను, ఉన్న నాలుగు చుక్కలూ ఇక్కడే తగలేస్తే పంపు దాకా కూడా పోనని భయం. తాళం తిప్పబోతుంటే ఎవరో కిటికీ మీద తట్టారు. వెనక కారతను. గమ్‌బూట్లు, వానకోటు, చెంపల దాకా గడ్డం, ఇద్దరు మనుషులంత మనిషి, మావోరీ అతను. "స్టార్ట్ చెయ్యకు ఆంటీ, గేరు తీసేసి స్టీరింగ్ పట్టుకో, నేను తోస్తా" అన్నాడు ఇంగ్లీషులో. వీళ్ళూ పెద్దవాళ్ళని ఆంటీ అనే అంటారు, పదిహేడేళ్ళ కిందట ఈ దేశం వచ్చిన కొత్తలో ఆ మాట విని ఎంత మురిసిపోయానో. తోశాడు. రెండు చేతులు డిక్కీ మీద పెట్టి ఒక్క తోపు, కారు ముందుకు పాకింది. థాంక్యూ అంటే బొటనవేలు చూపించి వెళ్ళి తన బండి తెచ్చుకున్నాడు. ఇక పంపు దాకా అతనికిదే పని. వీధికి ఆ పక్క నది, మామూలుగానే ఎర్రమట్టి నీళ్ళు, ఇవాళ గట్టంచు దాకా వచ్చి పారుతున్నాయి. ఊరవతల చిలగడదుంప చేలు అన్నీ మునిగాయట, ఇక్కడ కుమరా అంటారు, ఈ ఊరు బతికేదే దాని మీద. వచ్చిన కొత్తలో ఆయన బస్తా కొనుక్కొచ్చి, ఇదిగో మన చిలగడదుంపే, ఇక బెంగేమిటే అన్నారు. నేను ఉడకబెట్టి ఉప్పు జల్లి పెడితే ఆరు దుంపలు తిన్నారు. ఇప్పుడు నాలుగు చెంచాల జావ దిగడం లేదు. చెంచా నోటి దగ్గర పెడితే కళ్ళు మూసుకుంటారు. మా రెస్ట్‌హోమ్‌లో అలా కళ్ళు మూసుకున్నవాళ్ళని బలవంతం చెయ్యకూడదని నాకు ట్రైనింగ్ ఇచ్చారు, సర్టిఫికెట్ కూడా ఉంది. ఆయనకి మాత్రం ముక్కు మూసి పోసినంత పనిచేశాను.

మార్చిలో పాంక్రియాస్ అన్నారు. తెలుగులో ఏమంటారో కూడా తెలియదు నాకు, ఫోన్లో వెతికితే క్లోమం అని వచ్చింది. క్లోమం ఏమిటి, యాభై రెండేళ్ళ ఆడదాన్ని, అలాంటిదొకటి ఒంట్లో ఉంటుందనే ఎరగను. అప్పటికే కాలేయానికి పాకిందన్నారు. వాంగరే ఆసుపత్రి నుంచి ఇంటిదాకా ఆయనే డ్రైవ్ చేశారు, గంట ప్రయాణం. ఇంట్లో అడుగుపెట్టగానే నేను చెప్పులు కూడా విప్పకుండా తెల్లగుడ్డ చింపి పసుపులో ముంచాను. మా పుట్టింట్లో పద్ధతది, ముడుపు కట్టాలంటే మనసుకి తట్టిన ఆ ఘడియలోనే కట్టాలి, ఇంట్లో ఉన్న రొక్కంతోనే కట్టాలి, అప్పు తేకూడదు, రేపు అనకూడదు. ఇంట్లో ఉన్న రొక్కం ఏముంది, అదే, బిస్కట్ డబ్బా. నోట్లన్నీ తీసి గుడ్డలో పెడుతుంటే ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. "స్వామికి ఎఫ్ట్‌పోస్ లేదటే?" అన్నారు, ఇక్కడ కార్డు మిషన్ని అలాగే అంటారు. నేను మొదటి ముడి బిగించాను. రెండోది వేస్తుంటే, "కట్టులే, ఎమర్జెన్సీ అంటే ఇదేగా" అని వెళ్ళి పడుకున్నారు. శుక్రవారం జీతం పడగానే డబ్బాలో మళ్ళీ ఐదు వందలు పెట్టేద్దామనుకున్నాను. ఏ శుక్రవారం? ఆక్లాండ్‌కి పంపించాక పార్కింగులే రోజుకి ముప్ఫై డాలర్లు, పక్కన మోటెలు, నా సెలవులు అయిపోయి జీతం లేని రోజులు, ఇంటి లోను. ఖాళీ డబ్బా అలమరలో అలాగే ఉంది, ఎమర్జెన్సీ అని లేబులుతో. ఇన్నేళ్ళు లెక్కలేసి బతికిన ఇంట్లో, ఉన్న ఒక్క రొక్కాన్నీ తీసి దేవుడి పేరు మీద ముడేసి కూర్చున్నదాన్ని నేను. ఇలాంటి తెలివితక్కువ పని మా తాడేపల్లిగూడెం వాళ్ళకే చేతనవుతుంది.

ఇంకో కారు. అతను మళ్ళీ తోశాడు. ఎనిమిది ఉన్నాయి. నలభై డాలర్లే కదా, ఇంతోటి దానికి ఇంత ఆలోచనా అని ఎవరైనా అంటారు. రెండు నోట్లు లాగి, మిగతాది మళ్ళీ ముడేసి, తరవాత నలభైకి ఎనభై కలిపి కట్టెయ్యొచ్చు, స్వామి వడ్డీకాసులవాడు, వడ్డీతో సహా ఇస్తానంటే కాదంటాడా అని. నేనూ అనేదాన్నే, మా తమ్ముడి సంగతి తెలియకపోతే. వాడికి నాలుగేళ్ళు, నాకు ఎనిమిది. మెదడువాపు జ్వరం. మా నాన్న నూట పదహార్లతో ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టాడు, ఆ రోజుల్లో నూట పదహార్లంటే మాటలా. మూడో రోజు సాయంత్రం వాడు కళ్ళు తేలేశాడు. నాన్న ఊళ్ళో లేడు. ఏలూరు తీసుకుపోవాలంటే టాక్సీ వాడు డబ్బు ముందు పెట్టమన్నాడు. మా అమ్మ సీతారత్నం గూట్లోంచి ముడుపు తీసి, నా కళ్ళ ముందే పంటితో విప్పి, డబ్బు వాడి చేతిలో పోసింది. భీమడోలు దాటకుండానే తమ్ముడు పోయాడు. ముడుపు విప్పిన చెయ్యి అంది మా నాయనమ్మ. అంత్యక్రియలు కూడా కాకముందు అంది, ఆ తరవాత బతికినన్నాళ్ళూ అంది. పెళ్ళిళ్ళలో పసుపు కొట్టడానికి అమ్మని పిలిచేవాళ్ళు కాదు. పిలవలేదనే బాధ అమ్మ ఎప్పుడూ పైకి కనపడనివ్వలేదు, వంటింట్లో కూర్చుని కూరలు తరిగేది. నాకు పదిహేనేళ్ళప్పుడు నాయనమ్మ మీద విరుచుకుపడ్డాను, మెదడువాపుకీ ముడికీ సంబంధం ఏమిటే ముసలీ అని. అమ్మే నన్ను చెంపదెబ్బ కొట్టింది. ఆ రాత్రి పక్కలో చేరి, నీకు భయం వెయ్యలేదా అమ్మా విప్పుతుంటే అని అడిగితే, "బిడ్డ ఒళ్ళో అట్టా ఉంటే దేవుడు గుర్తుంటాడుటే?" అంది. నాకు గుర్తున్నాడు. అదే నాకు అర్థం కావడం లేదు. చదువుకున్నదాన్ని, విదేశంలో ఉన్నదాన్ని, నాయనమ్మ మాట తప్పని నలభై ఏళ్ళుగా అమ్మ తరఫున వాదించినదాన్ని, ఇవాళ ఈ మూట మీద వేలు పెట్టడానికి నాకే చెయ్యి రావడం లేదు. నేను విప్పిన క్షణాన అక్కడ ఆయన ఊపిరి ఆగితే? ఆగదని ఎవరు చెప్పగలరు? అమ్మ ఉంటే అడిగేదాన్ని.

ముడుపు ముట్టకుండా పోయే దారి ఉందేమోనని పొద్దున నించి చూడకపోలేదు. కారులో నాణేలన్నీ ఏరితే ఏడు డాలర్ల నలభై సెంట్లు. పక్కింటి మార్గరెట్ ఎనభై మూడేళ్ళావిడ, తలుపు తట్టి అడిగాను సిగ్గు విడిచి. ఆవిడ పర్సు బోర్లించి చూపించింది, "కార్డులేనమ్మా, ఇప్పుడు చర్చిలో కూడా కార్డే గీస్తున్నాం" అంది పాపం, బిస్కట్లు తీసుకెళ్ళమంది దారిలో తినడానికి. ఊళ్ళో తెలుగువాళ్ళం మేమొక్కళ్ళమే. ఆక్లాండ్‌లో తెలిసినవాళ్ళున్నారు, బోటనీ డౌన్స్‌లో ఒకరు, హెండర్సన్‌లో ఇద్దరు, పండగలకి ఫోటోలు దిగే స్నేహాలు, మంచం పక్కన కూర్చోండి అని అడగగలిగే స్నేహం ఒక్కటీ లేదు. ఉన్నా ఫోన్ ఏదీ, ఎనిమిదింటికే టవరు బ్యాటరీ అయిపోయినట్టుంది, ఒక్క గీత కూడా లేదు. అంతకు ముందు నవీనతో మాట్లాడాను, అదొక్కటే అదృష్టం. ఎయిర్‌పోర్టులో కూర్చునుంది, ఆక్లాండ్ ఫ్లైట్లన్నీ గాలికి లేటు. ఏడుస్తూ, "అమ్మా, జస్ట్ గో. నువ్వన్నా నాన్న దగ్గర ఉండు, ప్లీజ్" అంది. తరవాత, "అసలు నువ్వెందుకమ్మా ఇంటికొచ్చావ్? హాస్పిటల్లోనే ఉండాల్సింది కదా" అంది. ఆ పిల్ల మామూలుగానే అడిగింది. రెండు షిఫ్టులు చెయ్యాల్సి వచ్చిందే, సెలవులు లేవు అన్నాను. అబద్ధం. షిఫ్టులు లేవు నాకు. మా మేనేజరు అసలు రావొద్దంది.

ఐదు కార్లు. సరే, ఎవరు వింటున్నారు, చెప్పుకుంటాను. శనివారం సాయంత్రం నేను ఆయనతో పోట్లాడి వచ్చేశాను. చావు మంచం మీదున్న మనిషితో. ముడుపుని ఆసుపత్రికి పట్టుకెళ్ళి ఆయన తలగడ పక్కన మేకుకి తగిలించాను ఇరవై రోజుల కిందట. నర్సులు వింతగా చూసి, ఏమీ అనకుండా పక్కకి జరిపి సెలైన్ కట్టేవాళ్ళు. పొద్దున లేవగానే ఆయనకి చూపించేదాన్ని, "చూడండి, కొండకి నడిచి వెళ్ళాలి మనం, మూడువేల అయిదు వందల మెట్లు, తినకపోతే ఎలా ఎక్కుతారు" అని. ఆయన తలూపేవారు. ముప్ఫై ఏళ్ళుగా నేను ఏదన్నా తలూపే మనిషి. శనివారం నేను జావ చెంచా పట్టుకుని మళ్ళీ మెట్ల సంగతి ఎత్తేసరికి, చెంచాని వేళ్ళతో పక్కకి నెట్టారు. మాట చిన్నగా వస్తోంది, వంగి వినాల్సి వచ్చింది. "రత్నం, ఆ ముడి విప్పెయ్యవే" అన్నారు. ఏమిటండీ అన్నాను. "అది కనపడుతుంటే... నాకు కష్టంగా ఉంది. ఇంకా బతకాలేమో, నువ్వు మొక్కుకున్నావు కదా అని. ఓపిక లేదే. విప్పెయ్. నన్నిట్టా వెళ్ళనీ" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నిజంగా మంట, కోపం, ఇంకేమీ కాదు. ఇరవై రోజులు కుర్చీలో పడుకుని, ఉపవాసాలుండి, నీ మలమూత్రాలు ఎత్తి, నువ్వు ఇంత తేలిగ్గా వెళ్ళిపోతానంటావా అని. నోటికొచ్చినట్టు అరిచాను. అరిచి, మేకు మీంచి ముడుపు లాక్కుని, "మీ ఇష్టం! పోతే పోండి!" అని వచ్చేశాను. పోతే పోండి. అదే ఆయనతో నేనన్న చివరి మాట. రెండున్నర గంటలు ఏడుస్తూ డ్రైవ్ చేశాను, పెట్రోలు పోయించుకోవాలని కూడా తోచలేదు. ఆదివారం ఆయన ఫోన్ చేయించారు, నర్సు పేరు కనపడింది, నేను ఎత్తలేదు. కాస్త బెట్టు చూపిద్దామని. దిగొచ్చి సారీ చెప్పాలని. సాయంత్రానికి గాలివాన, కరెంటు, ఫోన్ అన్నీ పోయాయి, ఫోన్ మళ్ళీ ఇవాళ పొద్దున ఓ గంట వచ్చిందంతే. ఇంత పొగరు ఉండాలా ఆడదానికి! మా అమ్మకి కన్నబిడ్డ ముందు దేవుడే గుర్తు రాలేదు, నాకు మొగుడు పోతుంటే నా పంతం గుర్తొచ్చింది.

ఇక రెండే కార్లు. బంకు యజమాని రవీంద్ర గారు నడుముకి తోలు సంచీ కట్టుకుని ఒక్కో కిటికీ దగ్గరికీ వచ్చి డబ్బు తీసుకుంటున్నారు. ఫిజీ నుంచి వచ్చినాయన, అరవై దాటుంటాయి. వాళ్ళ తాతలు ఎప్పుడో చెరుకు తోటలకి ఓడల్లో వెళ్ళిన తెలుగువాళ్ళట. ఇంట్లో ఫిజీ హిందీ, బయట ఇంగ్లీషు, నా కోసం మాత్రం వాళ్ళ ఆజీ, అంటే నాయనమ్మ, నేర్పిన నాలుగు ముక్కలు దాచిపెట్టుకుంటారు. నేను పెట్రోలుకి వెళ్ళినప్పుడల్లా "బాగుండారా సిస్టర్" అంటారు. నిన్న కొందరు పేర్లు రాసి పెట్రోలు పోయించుకుని, రాసినవి తప్పుడు పేర్లట, అందుకే ఇవాళ ఆ అట్టముక్క. ఆయన్ని అప్పు అడుగుదామనే వచ్చాను నేను. అడగగలనా అని గంటనించీ అనుకుంటున్నాను. వెనకతను ఆఖరి తోపు తోశాడు, కారు పంపు పక్కకి వచ్చి ఆగింది. ముడి మీద గోరు పెట్టాను. రాలేదు. నాలుగు నెలలుగా బిగిసిపోయింది, తడి మీద ముడేస్తే అలాగే ఎండిపోయిన పసుపు గుడ్డ.

"బాగుండారా సిస్టర్" అని కిటికీలోకి వంగి, నా మొహం చూసి ఆగిపోయారు. "మిస్టర్ రావ్ ఎలా ఉన్నారు?" అన్నారు ఇంగ్లీషులో, మెల్లగా. నేను మూట నోటి దగ్గరికి తీసుకుని ముడిని పంటితో పట్టాను. ఆయన చెయ్యి గబుక్కున లోపలికి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "వద్దు వద్దు. ఇది నాకు తెలుసు. మా ఆజీ కట్టేది, నాన్నకి జబ్బు చేస్తే. ఇది గాడ్స్ మనీ. నేను ముట్టను సిస్టర్. మీరు ట్యాంకు నింపుకుని వెళ్ళండి, నలభై కాదు, ఫుల్. డబ్బు తరవాత చూద్దాం" అన్నారు, మొదటి రెండు ముక్కలు తప్ప అంతా ఇంగ్లీషులోనే. చూశారా, స్వామి నన్ను కాచాడు. అలా అనుకోవాలి నేను. గంటసేపు ఏ దారీ లేదని కొట్టుకున్నదానికి ఇదిగో దారి. పెట్రోలూ దొరికింది, ముడీ మిగిలింది. దణ్ణం పెట్టి, కళ్ళు తుడుచుకుని, బయల్దేరాలి. నాకు గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే ఈ మూట ఇలాగే పట్టుకుని నేను ఆ గదిలోకి వెళితే ఏం చేస్తానో నాకు తెలుసు. మళ్ళీ ఆ మేకుకి తగిలిస్తాను. చూడండి, దేవుడే కాపాడాడు, ముడి ఇంకా ఉంది, లేవండి అంటాను. ఆయన కళ్ళు తెరిచి దాన్ని చూసి, నా మీద జాలికి, నా పోరు పడలేక, ఇంకో రోజు ఈడ్చడానికి ప్రయత్నిస్తారు. నొప్పితో. ఆ మనిషి నాకు ఎప్పుడూ కాదని చెప్పలేదు. జన్మకి ఒక్కటి అడిగాడు, ఒక్కటే, నేను కేకలేసి వచ్చాను.

"తీసుకోండి రవీంద్ర గారూ" అన్నాను.

"ఇట్స్ ఓకే సిస్టర్. మిస్టర్ రావ్ బాగయ్యాక..."

"బాగవరు." పైకే వచ్చింది మాట, గట్టిగా, తెలుగులో. "ఆయన బతకరండీ. నాకు తెలుసు. మార్చి నించీ తెలుసు."

ఆయనకి ఎంత తెలుగు వచ్చో నాకు తెలియదు. చెయ్యి మాత్రం వదిలేశారు. నేను పంటితో లాగాను. మొదటి ముడి వచ్చింది, నోటినిండా చేదు పసుపు. రెండోది గోటితో వచ్చింది. మూడోది రాలేదు, గుడ్డని చించాను. అంచులన్నీ పచ్చబడ్డ నోట్లలోంచి రెండు ఇరవైలు తీసి చాపితే, రవీంద్ర గారు వాటిని సంచీలో వెయ్యకుండా చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఆయన పెట్రోలు పోస్తుంటే వెనకతను వచ్చి, ఏమైనా అయిందా ఆంటీ అని అడిగాడు. మా ఆయన దగ్గరికి వెళ్తున్నాను బాబూ అన్నాను.

నది పక్క రోడ్డు మీద నీళ్ళు పారుతున్నాయి, మెల్లగా వెళ్ళమని బోర్డులు పెట్టారు. రువావై ఊరు దాటాను. దుంపలు తవ్వేసిన చేలల్లో మిగిలిన ఎండు తీగలు నీళ్ళలో తేలుతున్నాయి. ఫోన్ సీటు మీద పెట్టుకుని ప్రతి వంపు దగ్గరా చూస్తున్నాను, గీత లేదు. వెళ్ళగానే ఏం చెప్పాలో మాటలు కూర్చుకుంటున్నాను, విప్పేశానండీ అని చెవిలో చెప్పాలి, పోతే పోండి అన్నది కోపంలో అన్నాను అని చెప్పాలి, ఆదివారం ఫోన్ ఎత్తనందుకు చెప్పాలి. ఇవన్నీ వినడానికి ఆయన ఉండాలి కదా. ఇంకో రెండు గంటలు, నేను వెళ్ళేదాకా. చిన్నప్పటి నించీ అలవాటే, చేతులు వాటంతట అవే స్టీరింగ్ మీద ఒకదానికొకటి దగ్గరకొచ్చాయి. స్వామీ, ఆ రెండు గంటలు ఉంచు అని అడగబోయి ఆగిపోయాను. ఏ మొహం పెట్టుకుని అడగను.